బస్సు, రైలు, మెట్రో కలిపి ప్రయాణం: బండి మారే చోటే అసలు లెక్క

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇంటి దగ్గర బస్సెక్కి స్టేషన్‌కి వెళ్తున్నారు. అక్కడ గంటకొకటి నడిచే రైలు పట్టుకుని, చివర్లో మెట్రోలో ఆఫీసు చేరుతున్నారు. యాప్ గంటా ఇరవై నిమిషాలు అంటోంది. కానీ వారంలో ఐదు పనిరోజులైతే రెండు రోజులు రెండు గంటలు దాటిపోతోంది. యాప్ తప్పు చెబుతోందా, నాకే ప్లాన్ చేసుకోవడం రావడం లేదా అన్నారు.

యాప్ తప్పు చెప్పడం లేదు. "అన్నీ టైముకి నడిస్తే ఎంతసేపు?" అన్నదే దాని లెక్క, ఆ లెక్క సరిగ్గానే చేస్తోంది. మీకు కావలసిన లెక్క వేరు. "మధ్యలో ఒక బండి తప్పిపోతే నా పరిస్థితి ఏమిటి?" అన్నది. నేను ఇరవై ఏళ్లుగా టైమ్‌టేబుళ్లు, రూట్ల మధ్య కనెక్షన్లు చూసే పనిలో ఉన్నాను. ప్రయాణం బండి లోపల పాడవడం తక్కువ. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కే ఆ నాలుగైదు నిమిషాల్లోనే పాడవుతుంది. అందుకే కాస్త పొడుగ్గానే చెబుతాను.

మీ అంకెలతోనే మొదలుపెడదాం. బస్సు స్టేషన్ దగ్గర ఆగడానికీ రైలు కదలడానికీ మధ్య 4 నిమిషాలు ఉందని రాశారు. రైలు అందితే మొత్తం 80 నిమిషాలు. తప్పితే ఇంకో గంట ఆగాలి, అంటే 140. ఐదింట రెండు రోజులు తప్పుతోందంటే సగటున మీకు పడుతున్నది 80కి 24 కలిపి 104 నిమిషాలు. యాప్ చూపించే 80 మీ జీవితంలో సగటు కాదు, మీకు జరగగలిగే వాటిలో అన్నిటికన్నా మంచి రోజు.

ఇప్పుడు మీరు "అది చుట్టు తిరుగుడు" అని పక్కన పెట్టేసిన రెండో దారి చూడండి. వేరే బస్సులో మెట్రో మొదటి స్టేషన్‌కి వెళ్లి, అక్కడి నుంచి రెండు మెట్రో లైన్లు మారి ఆఫీసు చేరడం. మీరు ఇచ్చిన లెక్క ప్రకారం 92 నిమిషాలు. మెట్రో 10 నిమిషాలకొకటి వస్తుంది. అక్కడ కూడా ఐదింట రెండుసార్లు ఒక బండి తప్పిందనుకున్నా, పోయేది 10 నిమిషాలే. సగటు 96. మహా అయితే 102. యాప్‌లో 12 నిమిషాలు నెమ్మదిగా కనిపించే దారి, నెల మొత్తం మీద సగటు చూస్తే మీ దారి కంటే 8 నిమిషాలు ముందే చేరుస్తుంది.

మూడో దారి కూడా ఉంది. అదే రైలు ఉంచుకుని, దానికి ఒక బస్సు ముందుగా బయల్దేరడం. మీ బస్సు 15 నిమిషాలకొకటి అన్నారు కాబట్టి మొత్తం 95 నిమిషాలు. స్టేషన్‌లో 19 నిమిషాల తీరిక ఉంటుంది, రైలు దాదాపు ఎప్పుడూ తప్పదు. సగటు చూస్తే రెండో దారికీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా చెడ్డ రోజున తెలుస్తుంది. మూడో దారిలో ఆ బస్సు కూడా దెబ్బతింటే మళ్లీ గంట పోతుంది. రెండో దారిలో ఎప్పటికీ అంత పోదు. నేనైతే తొమ్మిదింటికి మీటింగ్ ఉన్న రోజు రెండోదే పట్టుకుంటాను. రైల్లో కూర్చుని చదువుకోవాలనుకున్న రోజు మూడోది.

ఇంకో మాట. రైలు ఎన్నిసార్లు తప్పితే మీ పాత దారి, రెండో దారి సమానమవుతాయో లెక్కేస్తే, నాలుగింట ఒకసారి కంటే కొంచెం తక్కువ వస్తుంది. అంటే నాలుగు రోజుల్లో ఒక్కరోజు రైలు తప్పినా పాత దారి ఓడిపోతుంది. మీకు ఐదింట రెండు తప్పుతోంది. ఇందులో ఇక సందేహం పెట్టుకోవద్దు.

మరి ఈ రెండో దారిని యాప్ తనంతట తాను ఎందుకు చూపించలేదు? ఇది తెలిస్తే యాప్‌ని ఎలా వాడాలో కూడా తెలుస్తుంది.

రోడ్డు మీద దారి వెతకడం, టైమ్‌టేబుల్‌లో దారి వెతకడం ఒకటి కావు. రోడ్డు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. బస్సు 8:10కి ఉంటుంది, 8:11కి ఉండదు. దగ్గరి దారి వెతకడానికి డచ్ శాస్త్రవేత్త ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతిని టైమ్‌టేబుళ్లకీ వాడేవారు, కానీ ఊరంతా బస్సులున్న చోట అది నెమ్మదిగా నడిచేది. 2012లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రాప్టర్ అనే పద్ధతి తెచ్చారు. అది రౌండ్లుగా వెతుకుతుంది. మొదటి రౌండ్‌లో మీ స్టాప్ నుంచి ఒక్క బండితో ఎక్కడెక్కడికి, ఎన్నింటికి చేరగలరో రాసుకుంటుంది. రెండో రౌండ్‌లో ఆ చేరిన చోట్ల నుంచి ఇంకో బండి ఎక్కిస్తుంది. మూడో రౌండ్‌లో మూడో బండి. ఆ మరుసటి ఏడాది జర్మనీలోని కార్ల్స్‌రూహె పరిశోధకులు ఇంకో పద్ధతి ప్రచురించారు. అందులో రోజు మొత్తం మీద ఒక స్టాప్ నుంచి తర్వాతి స్టాప్‌కి బండి కదిలే ప్రతి ముక్కనూ బయల్దేరే టైము వరుసలో పేర్చి, పై నుంచి కిందికి ఒక్కసారి చదువుకుంటూ పోతే సమాధానం వచ్చేస్తుంది. ఇవాళ వాడుకలో ఉన్న చాలా ప్లానర్ల వెనక ఇలాంటి పద్ధతులే ఉన్నాయి.

ఇక్కడ ముఖ్యమైన సంగతి వడపోత. ఒక దారి ఇంకో దారి కంటే టైములోనూ మెరుగ్గా లేక, బండ్ల సంఖ్యలోనూ మెరుగ్గా లేకపోతే దాన్ని కొట్టేస్తారు. మీ పాత దారి 3 బండ్లు, 80 నిమిషాలు. రెండో దారి కూడా 3 బండ్లే, కానీ 92. కాబట్టి అది వడపోతలోనే పోయింది. "గంటకొకటి" అన్న ప్రమాదం ఆ లెక్కలో ఎక్కడా లేదు. 4 నిమిషాల్లో రైలు అందుకోవడం సాధ్యమా అని మాత్రమే చూస్తుంది, అందకపోతే ఏమవుతుందని చూడదు. లేట్ల చరిత్ర పెట్టుకుని నమ్మకాన్ని కూడా లెక్కగట్టే పద్ధతులు పరిశోధనలో ఉన్నాయి, అయినా మామూలుగా మన చేతిలో ఉండే యాప్‌లో ఆ ప్రశ్న మనమే వేయాలి.

వేయడం చాలా తేలిక. బండి మారే చోటునే బయల్దేరే చోటుగా పెట్టండి. టైము మీరు ఎక్కాల్సిన బండి వెళ్లిపోయిన ఒక నిమిషం తర్వాత పెట్టండి. 8:34 రైలు అయితే స్టేషన్ నుంచి 8:35కి అని వెతకండి. ఏ టైముకి చేరుస్తానంటుందో అదే మీ చెడ్డ రోజు. అది భరించగలిగితే ఆ దారి మంచిది, లేకపోతే వద్దు. కొత్త ఊరికి ప్రయాణం ప్లాన్ చేసినా, రోజూ వెళ్లే దారి అయినా, నేను బండి మారే ప్రతి చోటుకీ ఈ వెతుకులాట చేస్తాను. రెండు నిమిషాల పని. రెండోది, యాప్‌లో రైలు గుర్తు తీసేసి, అంటే రైలు వద్దు అని చెప్పి వెతకండి. వడపోతలో పోయిన దారులు అప్పుడు బయటికి వస్తాయి.

ఎదురుచూపు సంగతికి వస్తాను, ఎందుకంటే మీ 4 నిమిషాలు మాయమయ్యేది అక్కడే. బస్సు 10 నిమిషాలకొకటి అంటే సగటున 5 నిమిషాలు ఆగితే చాలనుకుంటాం. బస్సుకీ బస్సుకీ మధ్య సమానమైన ఎడంతో వస్తే అది నిజమే. కానీ బస్సులు అలా రావు. ఒక బస్సు రెండు నిమిషాలు లేటయిందనుకోండి. తర్వాతి స్టాప్‌లో ఆ రెండు నిమిషాల్లో ఇంకొంతమంది పోగవుతారు. వాళ్లంతా ఎక్కేసరికి ఇంకాస్త లేటు. వెనక వచ్చే బస్సుకి ఎక్కేవాళ్లు తక్కువ కాబట్టి అది వేగంగా వచ్చేస్తుంది. నాలుగైదు స్టాపులు గడిచేసరికి రెండూ జంటగా వస్తాయి. దీన్ని న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1964లోనే లెక్కలతో చూపించారు. డ్రైవర్ల తప్పు కాదిది, రద్దీ రూటు స్వభావమే అంత.

అలా రెండు బస్సులు జంట కట్టి, ఒక ఎడం 18 నిమిషాలు, ఇంకోటి 2 నిమిషాలు అయిందనుకోండి. ఇప్పటికీ 20 నిమిషాల్లో రెండు బస్సులే. కాగితం మీద "10 నిమిషాలకొకటి" అన్నది అబద్ధం కాదు. కానీ మీరు స్టాప్‌కి వచ్చేసరికి ఆ పెద్ద ఎడంలో పడే అవకాశం పదింట తొమ్మిది వంతులు. అందులో పడితే సగటున 9 నిమిషాలు ఆగాలి, చిన్నదాంట్లో పడితే 1 నిమిషం. రెండూ కలిపితే 8.2 నిమిషాలు. సంస్థ లెక్కలో 5, మీ లెక్కలో 8.2. ఎప్పుడూ నాకే బస్సు ఆలస్యంగా వస్తుందని జనం వాపోతే అది దురదృష్టం కాదు, పెద్ద ఎడంలోనే ఎక్కువమంది చిక్కుకుంటారు కాబట్టి.

దీన్నుంచి వాడుకకి పనికొచ్చేది ఒకటుంది. రూటు మొదలయ్యే చోటుకి దగ్గరలో ఎక్కితే ఎడాలు ఇంకా చెదరకుండా ఉంటాయి. మీ ఇంటికి రెండు స్టాపులు సమాన దూరంలో ఉంటే, బస్సు మొదలయ్యే వైపున్న దాన్నే ఎంచుకోండి. సీటు దొరకడం దానికి తోడు.

నడక గురించి. యాప్‌లు నడకని సాధారణంగా గంటకి నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల వేగంతో లెక్కేస్తాయి. జపాన్‌లో ఇళ్ల ప్రకటనల్లో "స్టేషన్‌కి ఇన్ని నిమిషాల నడక" అని వేయాలంటే 80 మీటర్లకి ఒక నిమిషం లెక్కన వేయాలని నియమం ఉంది. ఇదీ దాదాపు అదే వేగం. ఆ లెక్కలో సిగ్నల్ దగ్గర ఆగడం ఉండదు, ఎత్తు ఎక్కడం ఉండదు. పైగా కొన్ని ప్లానర్లు దగ్గర దగ్గర స్టాపుల మధ్య దూరాన్ని గీత గీసినట్టు తిన్నగా కొలుస్తాయి. వీధులు అడ్డం నిలువుగా ఉన్న చోట తిన్నగా 400 మీటర్లున్నది నడిస్తే 560 దాకా అవుతుంది. స్టేషన్ లోపలైతే ఇంకా ఘోరం. స్టేషన్ అన్నది మ్యాప్‌లో ఒక చుక్క. ఆ చుక్కలో తనిఖీ గేటు, మెట్లు, వంతెన, పొడవాటి ప్లాట్‌ఫాం, అవతలి చివర ఆగే మీ రైలు పెట్టె, ఇవన్నీ ఇరుక్కుని ఉంటాయి.

ఇది నేను నేర్చుకున్న రోజు నాకు బాగా గుర్తు. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి మూడేళ్లు. అమ్మని తీసుకుని బస్సులో వెళ్లి రైలెక్కాలి. మధ్యలో 6 నిమిషాలు. టైమ్‌టేబుల్ నేనే చూశాను, సరిపోతుందన్నాను. బస్సు టైముకే వచ్చింది. దిగాక చూస్తే మా ప్లాట్‌ఫాం అవతలి వైపు. వంతెన ఎక్కాలి. లిఫ్ట్ తలుపు మీద పనిచేయడం లేదని కాగితం అంటించి ఉంది. అమ్మ ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు కాళ్లూ పెట్టి, ఆగి, మళ్లీ ఎక్కుతోంది. నేను సంచీ పట్టుకుని పక్కనే నిలబడి, కింద రైలు తలుపులు మూసుకోవడం చూశాను. తర్వాతి రైలు ఇంకో రెండు గంటల తర్వాత. అమ్మ ఒక్క మాట అనలేదు. వంతెన మధ్యలో నిలబడి, "నెమ్మదిగా వెళ్దాంలేరా" అంది. ఆ రోజు నుంచి ఎవరి కోసం ప్లాన్ చేసినా మొదట అడిగేది టైము కాదు, ఎక్కేది ఎవరు, వాళ్ల కాళ్లు ఎలా ఉన్నాయి, చేతిలో ఏముంది అని.

పెద్దవాళ్లు, గర్భిణులు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లు ఉంటే యాప్ మీద ఆధారపడే ముందు ఇది తెలుసుకోండి. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి టైమ్‌టేబుళ్లని పంచుకోవడానికి ఒక పద్ధతి తయారు చేశాయి. దాన్ని జీటీఎఫ్‌ఎస్ అంటారు. ఇప్పుడు ప్రపంచంలో చాలా సంస్థలు తమ స్టాపులు, ట్రిప్పులు, టైములు ఆ రూపంలోనే ఇస్తాయి. అవి మామూలు పట్టికలే, ఎవరైనా తెరిచి చదవవచ్చు. అందులో ప్రతి స్టాప్‌కీ చక్రాల కుర్చీతో ఎక్కవచ్చా అని ఒక గడి ఉంటుంది. 1 అంటే ఎక్కవచ్చు, 2 అంటే ఎక్కలేరు, 0 లేదా ఖాళీ అంటే సమాచారం లేదని. చాలా చోట్ల ఆ గడి నింపరు. యాప్‌లో "అడ్డంకి" అని కనిపించకపోతే దారి బాగుందని కాదు, ఎవరూ చూసి రాయలేదని కూడా కావచ్చు. లిఫ్ట్ సంగతి ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. చేయండి, మొహమాటపడొద్దు.

అదే పట్టికల్లో ఇంకో చిక్కు ఉంది, చివరి బండి పట్టుకునేవాళ్లంతా తెలుసుకోవాలి. రవాణా సంస్థకి రోజు అర్ధరాత్రి ముగియదు. శుక్రవారం డ్యూటీలో నడిచే ఆఖరి బస్సు అర్ధరాత్రి దాటాక 12:40కి ఉంటే, పట్టికలో దాన్ని శుక్రవారం 24:40 అని రాస్తారు. క్యాలెండర్ ప్రకారం అప్పటికి శనివారం వచ్చేసింది. శనివారం రాత్రి పార్టీ నుంచి వస్తూ, అర్ధరాత్రి దాటింది కదా, ఆదివారం అయిందని ఆదివారం పట్టిక చూస్తే తప్పు పేజీ చూసినట్టే. మీరు చూడాల్సింది శనివారం పట్టిక చివరి వరుసలు. స్టాప్‌లో అంటించిన కాగితం మీద కూడా ఇదే పొరపాటు జరుగుతుంది. అర్ధరాత్రి దాటే ప్రయాణమైతే తేదీని రెండుసార్లు సరిచూసుకోండి.

ఈ చివరి బండి మాట వచ్చింది కాబట్టి, ఎప్పుడో ఒకసారి చేసే ప్రయాణాలకి నేను తిరుగు ప్రయాణాన్నే ముందు ప్లాన్ చేస్తాను. చివరి రైలు ఎన్నింటికి, దానికి ముందుది ఎన్నింటికి అని చూసి, చివరిదానికి ముందుదాన్నే నా చివరిదిగా పెట్టుకుంటాను. వెళ్లేటప్పుడు ఒక బండి తప్పితే ఆలస్యమవుతుంది, అంతే. వచ్చేటప్పుడు తప్పితే రాత్రంతా అక్కడే.

వెళ్లేటప్పుడు కూడా టైముకి చేరి తీరాల్సిన పని ఉంటే యాప్‌లో "ఇన్నింటికి బయల్దేరతాను" అని కాకుండా "ఇన్నింటికల్లా చేరాలి" అని పెట్టి వెతకండి. ప్లానర్ అప్పుడు గమ్యం నుంచి వెనక్కి వెతుకుతుంది. అయితే అది ఇచ్చేది చిట్టచివరి క్షణంలో బయల్దేరే దారి. కాబట్టి పది గంటలకి పనుంటే, దారిలో మారే బండ్లలో అన్నిటికన్నా అరుదుగా వచ్చేది ఎన్ని నిమిషాలకొకటో చూసి, అంత ముందుకి జరిపి వెతకండి. అరగంటకొకటి వచ్చే బండి ఉంటే 9:30కి చేరాలని పెట్టండి. అది ఒకటి తప్పినా పది దాటరు.

మారే చోటుని ఎంచుకోవడం కూడా మన చేతిలో ఉందని చాలామందికి తెలియదు. రెండు బస్సు రూట్లు నాలుగు స్టాపుల పాటు ఒకే రోడ్డు మీద వెళ్తాయనుకోండి. ఆ నాలుగింటిలో ఎక్కడ మారినా చేరే టైము సాధారణంగా ఒకటే. యాప్‌కి అవన్నీ సమానం, వెతుకులాటలో ముందు దొరికినదాన్ని చూపించేస్తుంది. మనకి మాత్రం సమానం కాదు. ఒక చోట పైకప్పు, బల్ల, దీపం ఉంటాయి. ఇంకో చోట ఫుట్‌పాత్ అంచు తప్ప ఏమీ ఉండదు. ఒక చోట దిగిన స్టాప్‌లోనే ఎక్కవచ్చు, ఇంకో చోట పెద్ద రోడ్డు దాటాలి. రాత్రిపూట ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, యాప్ చూపిన స్టాప్‌లోనే దిగాలని నియమం లేదు. జనం ఉండే స్టాప్‌లో దిగండి.

రవాణా లెక్కల్లో ఒక పాత వాడుక ఉంది. స్టాప్‌లో నిలబడి ఎదురుచూసిన ఒక నిమిషాన్ని బండిలో కూర్చున్న దాదాపు రెండు నిమిషాలతో సమానంగా లెక్కేస్తారు, ఎందుకంటే జనం దాన్ని అలాగే అనుభవిస్తారని సర్వేల్లో తేలింది. పైగా బండి మారినందుకే విడిగా కొన్ని నిమిషాలు కలుపుతారు. అందుకని మారకుండా వెళ్లే బండి పది నిమిషాలు ఎక్కువ తీసుకున్నా చాలామంది దాన్నే ఇష్టపడతారు. మీకూ అలా అనిపిస్తే దాన్ని సోమరితనం అనుకోకండి. ఆ టెన్షన్‌కీ ఒక వెల ఉంది.

ఇదంతా ప్రయాణికుడే మోయాల్సిన బరువా అంటే, కాదు. బాగా చేసిన చోట ఈ బరువు టైమ్‌టేబుల్ రాసేవాళ్లు మోస్తారు. నెదర్లాండ్స్ 1970లో, స్విట్జర్లాండ్ 1982లో దేశమంతా రైళ్లని ప్రతి గంటా అవే నిమిషాలకి నడిచేలా మార్చాయి. 7:32కి ఒక రైలుంటే 8:32కీ, 9:32కీ ఉంటుంది. స్విస్ వాళ్లు 1987లో జనం ఓటుతో ఒప్పుకుని, 2004 డిసెంబరులో అమల్లో పెట్టిన పథకంలో ఇంకో అడుగు ముందుకి వేశారు. పెద్ద కూడలి స్టేషన్లలో అన్ని వైపుల నుంచీ రైళ్లు ఎనిమిది, తొమ్మిది అని గంట కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు వచ్చి చేరతాయి. జనం ప్లాట్‌ఫాంలు మారతారు. గంట దాటిన కొద్ది నిమిషాలకి అన్నీ బయల్దేరతాయి. ఇది కుదరాలంటే రెండు కూడళ్ల మధ్య ప్రయాణం అరగంటకో, గంటకో కాస్త తక్కువగా ఉండాలి. జ్యూరిక్, బెర్న్ మధ్య గంటకి కొంచెం ఎక్కువ పట్టేది. దాన్ని గంట లోపుకి తేవడానికి కొత్త లైను వేశారు. మరీ వేగంగా వెళ్లాలని కాదు, కూడలికి టైముకి చేరితే చాలని. నాకు ఈ ఆలోచన ఎంతో నచ్చుతుంది. 40 నిమిషాల్లో చేర్చి కూడలిలో 40 నిమిషాలు కూర్చోబెట్టే రైలు కంటే, 56 నిమిషాల్లో చేర్చి వెంటనే తర్వాతి బండి ఎక్కించే రైలు మేలు.

టికెట్ కూడా అంతే. జర్మనీలోని హాంబర్గ్‌లో 1965లో ఊళ్లోని వేర్వేరు రవాణా సంస్థలు ఒకే కూటమి కట్టి, ఆ తర్వాత ఒకే టికెట్‌తో బస్సు, రైలు, పడవ మారే ఏర్పాటు చేశాయి. ఒకే టికెట్‌తో పోయేది డబ్బు ఇబ్బంది ఒక్కటే కాదు. గేటు దగ్గర క్యూ పోతుంది, అంటే మీ 4 నిమిషాల్లో 2 నిమిషాలు మిగులుతాయి. దూర ప్రయాణాల్లో దీనికి ఇంకో అర్థం ఉంది. మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్ ఉంటే, మొదటి బండి లేటై రెండోది తప్పినప్పుడు చాలా చోట్ల తర్వాతి బండి ఎక్కించే బాధ్యత సంస్థది. రెండు వేరు టికెట్లు కొంటే ఆ బాధ్యత మీది. విమానాశ్రయాల్లో విమానం మారడానికి కనీసం ఇంత వ్యవధి ఉండాలని ముందే నిర్ణయించి ఉంటుంది, ఒకే టికెట్‌గా అమ్మేటప్పుడు అంతకన్నా తక్కువ పెట్టరు. విడిగా కొనుక్కునేటప్పుడు ఆ కాపలా మీకు ఉండదు. చవకగా వస్తోందని రైలూ విమానమూ విడివిడిగా కొనేవాళ్లు, ఆ తేడా డబ్బుతో తాము కొంటున్నది ఈ ప్రమాదాన్నే అని గుర్తుపెట్టుకోవాలి.

ఫోన్‌లో కనిపించే లైవ్ టైముల గురించి కొద్దిగా. బండి ఎక్కడుందో చెప్పే సమాచారం, కేవలం టైమ్‌టేబుల్ చదివి చెప్పే సమాచారం, రెండూ యాప్‌లో పక్కపక్కనే ఉంటాయి. రంగులోనో, చిన్న గుర్తులోనో తేడా చూపిస్తారు. ఆ గుర్తు ఏమిటో మీ యాప్‌లో ఒకసారి చూసిపెట్టుకోండి. గుర్తు లేని బస్సు వస్తుందని నమ్మకం లేదు, రద్దయినా కాగితం మీద ఉన్నందుకు కనిపిస్తూనే ఉండవచ్చు. గుర్తు ఉన్నా, మూడు నిమిషాల దూరంలో ఉన్న బస్సు అంచనా నమ్మదగింది, పాతిక నిమిషాల దూరంలో ఉన్నదాని అంచనా అంత నమ్మదగింది కాదు. కాబట్టి లైవ్ టైము చూసి ఇంట్లోంచి కదలండి, కానీ దాన్ని చూసి అవతలి రైలు అందుతుందని నిర్ధారణకి రావద్దు.

ఇక మీరు చేయాల్సింది. రెండు వారాలు, అంటే పది పనిరోజులు, ఫోన్‌లో మూడు టైములు రాసుకోండి. మీరు స్టాప్‌కి చేరిన టైము, బస్సు తలుపు తెరుచుకున్న టైము, స్టేషన్‌లో మీ కాలు ప్లాట్‌ఫాం మీద పడిన టైము. రైలు అందిందా లేదా అని ఒక టిక్కు. బస్సు దిగిన చోటు నుంచి ప్లాట్‌ఫాం దాకా మామూలు నడకతో ఎంత పడుతోందో ఒక్కరోజు విడిగా కొలవండి. నా అనుమానం, ఆ నడకే మూడు నిమిషాలు దాటుతోంది, అంటే బస్సు నిమిషం లేటైనా మీకు రైలు లేదు. పది రోజులయ్యాక సగటు చూడకండి, పదింటిలో రెండో అతి చెడ్డ రోజు చూడండి. మీ ప్లాన్ ఆ రోజుకి సరిపోవాలి. అన్నిటికన్నా చెడ్డ రోజుకి సరిపోయేలా చేస్తే రోజూ అనవసరంగా ముందే బయల్దేరాల్సి వస్తుంది.

ఆ పది రోజుల అంకెలు, మీ మెట్రో మారే స్టేషన్‌లో ఎన్ని మెట్లు ఎక్కాలో కూడా కలిపి రాయండి. మూడు దారులకీ మళ్లీ లెక్క వేసి చెబుతాను.